మామూలు అంశాలు ఎవరికి మామూలు?

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతులలో చేసిన ప్రసంగ పాఠం)



స్థానిక ప్రభుత్వాలలో మహిళల పాత్ర గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ విషయం మీద మన సభలు సాధారణంగా 74వ రాజ్యాంగ సవరణతో మొదలవుతాయి. 1992లో పార్లమెంటు దాన్ని ఆమోదించింది. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. మునిసిపాలిటీలలో మూడోవంతు స్థానాలు మహిళలకు కేటాయించింది. మన రాష్ట్రంలో తర్వాత ఆ మూడోవంతు సగమైంది. ఇదంతా మీకు తెలిసిందే. మీలో చాలామంది పాటలు కట్టి, గోడల మీద రాసి ఊళ్ళలో చెప్పినదే.

ఆ గేటు దాటి లోపలికి వెళ్ళాక ఏం జరుగుతుందన్నది ఈ రోజు నేను చెప్పదలచుకున్న విషయం. 2014 ఎన్నికలలో కోస్తాలోని ఒక చిన్న పట్టణంలో, మహిళలకు కేటాయించిన వార్డు నుంచి కౌన్సిలరుగా గెలిచి అయిదేళ్ళు పనిచేశాను. మన హక్కులు ఎక్కువగా పోతున్నదీ, ఎప్పుడైనా దక్కుతున్నదీ ఎవరూ చదవని మామూలు అంశాల్లోనే అని ఆ అయిదేళ్ళలో నాకు రూఢి అయింది.

కౌన్సిలు నెలకు ఒక్కసారైనా సమావేశం కావాలి. సమావేశానికి పూర్తిగా మూడు రోజుల ముందు అజెండా సభ్యులకు చేరాలి. మా ఊళ్ళో ఆఫీసు బంట్రోతు సైకిలు మీద తెచ్చి ఇచ్చేవాడు. నలభై అంశాలు, కొన్ని నెలల్లో అరవై. బ్లీచింగు పౌడరు కొనుగోలు, వీధి దీపాల సామాను, బోరు మరమ్మతు, కాలువ పూడిక తీయించిన ఖర్చు, షాపు గదుల అద్దె పొడిగింపు, మార్కెట్టు ఆశీలు వేలం. ప్రతి అంశం చివరా ఒకటే వాక్యం, 'కౌన్సిలు వారి ఆమోదం కొరకు' అని. సమావేశంలో గుమాస్తా అంశం నంబరు చదువుతాడు, ఎవరో 'ఓకే' అంటారు, రిజిస్టరులో 'ఆమోదించడమైనది' అని పడుతుంది. నలభై అంశాలు నలభై నిమిషాల్లో పూర్తయిన రోజులున్నాయి.

మా సభలో సగంమంది ఆడవాళ్ళం. చైర్‌పర్సన్ కూడా మహిళే. అయినా అజెండా కాగితాలు చాలా ఇళ్ళలో మొదట భర్త చేతికో, మరిది చేతికో వెళ్ళేవి. 'మీకెందుకమ్మా ఈ లెక్కలు, సంతకం పెట్టండి చాలు' అనే మాట మేమందరం విన్నాం. ఆ మాటలో మర్యాద ఉంది, గద్దింపు లేదు. అందుకే దాన్ని ఎదుర్కోవడం కష్టం. అరిచేవాడికి ఎదురు చెప్పవచ్చు. కుర్చీ వేసి, టీ తెప్పించి, పెన్ను చేతికిచ్చేవాడికి ఏం చెబుతాం?

మూడు మామూలు అంశాలను మీ ముందు పెడతాను.

మొదటిది ఆశీలు. రోజువారీ కూరగాయల మార్కెట్టులో అమ్ముకునేవాళ్ళ దగ్గర రుసుము వసూలు చేసే హక్కును మునిసిపాలిటీ ఏటా వేలం వేస్తుంది. హెచ్చు పాట పాడినవాడికి అది దక్కుతుంది. అజెండాలో వచ్చేది ఒక్క వాక్యమే: ఫలానావారి హెచ్చు పాటను ఖరారు చేయుట గురించి. పాట గత ఏడాది కంటే పెరిగితే సభ్యులందరూ సంతోషిస్తారు. మునిసిపాలిటీకి ఆదాయం పెరిగింది కదా! ఆ పెరిగిన డబ్బు పాటదారు తన జేబులోంచి ఇవ్వడు. తెల్లవారుజామున పక్క ఊళ్ళ నుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చే ఆకుకూరల అమ్మి దగ్గర, చేపల అమ్మి దగ్గర రాబడతాడు. గంపకు అయిదు రూపాయలని కౌన్సిలు నిర్ణయిస్తే పది వసూలు చేసేవాళ్ళు, చీటీ ఇచ్చేవాళ్ళు కాదు. అసలు రేటు ఎంతో ఆ ఆడవాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

ఆ అంశం వచ్చినప్పుడు నేను వేలాన్ని ఆపమనలేదు. రెండు షరతులు చేర్చమన్నాను. రేట్ల పట్టిక తెలుగులో పెద్ద అక్షరాలతో మార్కెట్టు గేటు దగ్గర పెట్టాలి. చీటీ లేని వసూలుకు పాటదారు మీద జరిమానా ఉండాలి. 'ఇవి ఎప్పుడూ ఉన్నవేనమ్మా, ఒప్పందంలో రాసే ఉంటాయి' అన్నారు. 'రాసి ఉంటే చదవండి' అన్నాను. చదివితే జరిమానా మాట ఉంది, బోర్డు మాట లేదు. ఆ రోజు ఏడుగురు అమ్మకందార్లు గంపలు బయట పెట్టి వచ్చి, సభలో వెనక సందర్శకుల బెంచీ మీద కూర్చున్నారు. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మాట్లాడే హక్కు వాళ్ళకు అక్కడ లేదు. కానీ వాళ్ళు చూస్తూ ఉండగా ఆ అంశాన్ని ఎవరూ 'ఓకే' అని దాటించలేకపోయారు. బోర్డు వచ్చింది. చీటీ అడగడం మొదలయ్యాక పది రూపాయల వసూలు చాలావరకు తగ్గింది. గంప రేటు మాత్రం తగ్గించలేకపోయాం.

2014లోనే వీధి విక్రేతల చట్టం వచ్చిందని మీకు గుర్తుచేస్తాను. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది విక్రేతలు తమలోంచి ఎన్నుకున్నవాళ్ళు ఉండాలి. వాళ్ళలో మూడోవంతు మహిళలు. మీ ఊళ్ళో ఆ కమిటీ ఉందా, ఉంటే చివరిసారి ఎప్పుడు కూర్చుందీ అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో చాలా విషయాలు బయటికి వస్తాయి.

రెండో అంశం పారిశుధ్య కార్మికులది. 'ఔట్‌సోర్సింగ్ పారిశుధ్య కార్మికుల కాలపరిమితిని మరొక మూడు నెలలు పొడిగించుట గురించి.' మా కౌన్సిలులో ఈ అంశం ఏడాదికి నాలుగుసార్లు వచ్చేది. ఈ కార్మికులలో ఎక్కువమంది దళిత స్త్రీలు. తెల్లవారేలోగా రోడ్లు ఊడ్చేది వాళ్ళే. మూడు నెలలకొకసారి వాళ్ళ బతుకు కాగితం మీద ముగిసి మళ్ళీ మొదలవుతుంది. ఆ మూడు నెలల గడువు మేస్త్రీ చేతిలో పెద్ద ఆయుధం. ఎదురు మాట్లాడితే వచ్చే జాబితాలో పేరుండదు.

అలా ఒకామె పేరు పోయింది. ప్రసవమై రెండు నెలలు ఇంట్లో ఉండి తిరిగి వచ్చేసరికి ఆమె స్థానంలో ఇంకొకరున్నారు. 2017 నుంచి ప్రసూతి సెలవు 26 వారాలని చట్టం చెబుతోంది. ఇ.ఎస్.ఐ. కింద ఉన్న కార్మికురాలికి ఆ కాలానికి డబ్బు అందాలి. కానీ ఆమె జీతంలో కోసిన ఇ.ఎస్.ఐ. వాటాను కాంట్రాక్టరు కట్టలేదు. పి.ఎఫ్. కూడా అంతే. కాంట్రాక్టరు కట్టకపోతే అసలు యజమాని అయిన మునిసిపాలిటీయే బాధ్యత వహించాలని చట్టంలో ఉంది. ఈ విషయం సభలో చెబితే, 'ఇది లేబరు ఆఫీసు పని, కౌన్సిలు పని కాదు' అన్నారు.

కౌన్సిలు పని ఎలా కాదు? కాంట్రాక్టరు బిల్లు ఆమోదం కోసం వచ్చేది కౌన్సిలుకే కదా! ఆ కార్మికురాలి కోసం ప్రత్యేకంగా ఒక తీర్మానం పెడితే సానుభూతి మాటలు చెప్పి పక్కన పెట్టేవారు. అందుకే పొడిగింపు అంశంలోనే ఒక వాక్యం చేర్చమని పట్టుబట్టాం: గత నెల పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. చలానాలు జతపరిచిన తర్వాతే బిల్లు చెల్లించవలెను. మరో నలుగురు మహిళా సభ్యులు నాతో నిలబడ్డారు. వాళ్ళలో ఇద్దరు అధికార పక్షం వాళ్ళే. మూడో సమావేశానికి ఆ వాక్యం చేరింది. ఆమెకు మళ్ళీ పని దొరికింది, కానీ ఆ ప్రసూతి డబ్బు మాత్రం నా పదవీకాలం ముగిసేదాకా రాలేదు. కట్టని నెలలకు లెక్క తేల్చలేదు. దీన్ని విజయం అని నేను చెప్పను. 2020లో మన రాష్ట్రంలో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల కోసం ప్రభుత్వమే ఒక కార్పొరేషన్ పెట్టింది. పద్ధతులు ఎన్ని మారినా హాజరు పట్టీ ఎవరి చేతిలో ఉంది, కోసిన డబ్బు ఎక్కడికి వెళ్ళింది అనే రెండు ప్రశ్నలు మనం మానకూడదు.

మూడో అంశం బడ్జెట్టు. మునిసిపల్ నిధులలో షెడ్యూల్డు కులాలకు, తెగలకు కేటాయింపులున్నట్టే, మహిళా శిశు సంక్షేమానికి 5 శాతం కేటాయించాలని ప్రభుత్వ ఉత్తర్వులున్నాయి. మా బడ్జెట్టు పుస్తకంలో ఆ పద్దు ఉంది. దాని కింద ఏటా కుట్టు మిషన్లు, మార్చి 8న సభకు షామియానా, ముగ్గుల పోటీ బహుమతులు. మిగిలినది 'ఖర్చు కాలేదు' అని పక్క ఏడాదికి జరిగేది. అదే సమయంలో మార్కెట్టులో అమ్ముకునే ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదు. పొద్దున నాలుగింటికి వచ్చినవాళ్ళు మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు తాగకుండా కూర్చునేవాళ్ళు. మూత్రనాళ జబ్బులు వాళ్ళకు ఊరికే రాలేదు.

మరుగుదొడ్డికి రెండేళ్ళు పట్టింది. డబ్బుకు కొరత లేదు, స్థలం దగ్గరే తగవు. మార్కెట్టు మూలనున్న జాగా మీద షాపు గది కడితే అద్దె వస్తుందని కొందరి వాదన. చివరికి కట్టారు, ప్రారంభోత్సవం చేశారు, ఫోటోలు దిగారు. నాలుగో నెలకు తాళం పడింది. కుళాయి కనెక్షను లేదు, ఊడ్చే మనిషికి జీతం లేదు. కట్టడం ఒక్కసారి అజెండాలోకి వస్తే చాలు. నీళ్ళు, కరెంటు, మనిషి జీతం మాత్రం ప్రతి నెలా రావాలి. మన సంఘాలు ప్రారంభోత్సవం రోజున వచ్చి చప్పట్లు కొట్టి వెళ్ళిపోతాయి. అసలు పని ఆ మర్నాటి నుంచి మొదలవుతుంది. నిర్వహణ ఖర్చును ఆ 5 శాతం పద్దు కింద విడిగా రాయించాక గానీ తాళం తెరుచుకోలేదు.

ఇక్కడ మీకొక సందేహం రావచ్చు. అసలు కౌన్సిలే లేనప్పుడు ఏం చేయాలి? అయిదేళ్ళ గడువు ముగిసేలోగానే ఎన్నికలు జరగాలని రాజ్యాంగంలోని 243యు అధికరణం చెబుతోంది. మన పట్టణాలలో 2010లో పదవీకాలం ముగిస్తే ఎన్నికలు జరిగింది 2014 మార్చిలో. 2019లో మా పదవీకాలం ముగిస్తే మళ్ళీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. ఆ మధ్యకాలమంతా ప్రత్యేకాధికారి పాలన. మేం నలభై నిమిషాల్లో దాటించిన అంశాలను ఆయన ఒక్కడే, సభ లేకుండా, సందర్శకుల బెంచీ లేకుండా ఆమోదించేవాడు. 2020 చివర ఆస్తిపన్నును అద్దె విలువ నుంచి మూలధన విలువకు మార్చినప్పుడు మన పట్టణాల్లో ఎన్నికైన కౌన్సిళ్ళు లేవు. ఎన్నికల ఆలస్యం పార్టీల గొడవ అని మనం ఊరుకుంటాం. నిజానికి అది ఆడవాళ్ళ సగం కుర్చీలు ఖాళీగా ఉన్న కాలం. దాని గురించి మహిళా సంఘాలు మాట్లాడాలి.

మీరు ఏం చేయగలరో చెప్పి ముగిస్తాను. ప్రతి సంఘమూ ఒక మునిసిపాలిటీని పట్టించుకుంటే చాలు. అజెండా చేరిన రోజే ఒక కౌన్సిలరు దగ్గర దాని నకలు తీసుకోండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం 2005 కింద పది రూపాయల రుసుముతో అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్న వారికి ఆ రుసుము కూడా లేదు. అన్ని అంశాలూ చదవాలని భయపడొద్దు. నెలకు ఒక్క అంశం ఎంచుకోండి. ఆ అంశం ఎవరి బతుకును తాకుతుందో వాళ్ళతో కూర్చుని చదవండి. ముందురోజు మహిళా కౌన్సిలరు ఇంటికి వెళ్ళండి. భర్త ఎదురొస్తే, 'అన్నయ్యగారూ, మేం అక్కతో మాట్లాడటానికి వచ్చాం' అని మర్యాదగానే చెప్పి ఆమె వచ్చేదాకా కూర్చోండి. ఆమెకు ఉపన్యాసం ఇవ్వకండి. సభలో చదవడానికి వీలుగా ఒకే ఒక వాక్యం రాసి ఇవ్వండి. సమావేశం రోజున వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చోండి. అప్పటికప్పుడు బల్ల మీదికి తెచ్చే అంశాలుంటాయి, వాటిని టేబుల్ అజెండా అంటారు. దాపరికమేదైనా ఉంటే అక్కడే ఎక్కువ, వాటిని రాసుకోండి. సమావేశం అయ్యాక తీర్మానాల నకలు అడిగి, సభలో అన్నదీ రిజిస్టరులో పడ్డదీ ఒకటేనా చూడండి. తెలంగాణ నుంచి వచ్చిన మిత్రులకు చట్టం వేరు, అక్కడ 2019లో కొత్త మునిసిపల్ చట్టం వచ్చింది. కానీ అజెండా కాగితం అక్కడా అజెండా కాగితమే.

ధర్నాలు మానమని నేను అనడం లేదు. కలెక్టరు ఆఫీసు ముందు కూర్చోవలసిన రోజులు ఇంకా చాలా ఉన్నాయి. కానీ ధర్నా చేసి సాధించుకున్నది కూడా చివరికి ఏదో ఒక అజెండాలో ఒక అంశంగా రావలసిందే, దానికొక పద్దు ఉండవలసిందే. ఆ రోజు ఆ కాగితాన్ని చదివేవాళ్ళు మనలో ఉండాలి.

ఇప్పుడు ఒక మునిసిపాలిటీ అజెండా నకళ్ళు మీకు పంచుతున్నారు. ఊరి పేరు తీసేశాం. నలుగురు నలుగురుగా కూర్చుని, అందులో మీకు అతి మామూలుగా కనిపించే అంశం ఒకటి ఎంచుకోండి. అది ఎవరి కడుపును తాకుతుందో చర్చించి, భోజనాలయ్యాక ఒక్కొక్క బృందం వచ్చి చెప్పండి.