‘లుక్ ఆఫ్టర్’: చూచుట, చూచుకొనుట

‘లుక్’ అనగా చూచుట, ‘ఆఫ్టర్’ అనగా తరువాత. రెండింటిని కలిపి ‘తరువాత చూచుట’ అని వ్రాసిన విద్యార్థిని మందలింపరాదు. అతడు నిఘంటువునే నమ్మినాడు. ‘లుక్ ఆఫ్టర్’ అనగా సంరక్షించుట. తెలుగున ‘చూచు’నకు ‘కొను’ చేరి ‘తల్లిని చూచుకొను’ అయినట్లే, కన్నడమున ‘నోడు’ కాస్తా ‘నోడికొళ్ళు’ అగును. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయిన పిమ్మట కాలువ క్రింది సేద్యమునకై ఆంధ్రమునుండి తరలివచ్చిన కుటుంబాల పిల్లలు ఒక మాటను ఇంటను, రెండవదానిని గోరేబాళ వీధిలోను నిత్యము వినుచునే యున్నారు. వారికి ఈ ఆంగ్లపదము కొత్త కానేకాదు. ‘లుక్ ఫర్’ అనగా వెదకుట. ‘లుక్ అప్’ అనగా నిఘంటువున అర్థము చూచుట. ఇక్కడ మాత్రము జాగ్రత్త వలయును: ‘లుక్ ఇట్ అప్’లో సర్వనామము నడుమ నుండును, ‘లుక్ ఆఫ్టర్ హర్’లో చివరనే యుండవలెను.