రిపోర్టు బాగుందని మాత్ర ఆపొద్దు
(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి అయిన ఒక వైద్యుడి ప్రసంగ పాఠం)

 

మదనపల్లె, పుంగనూరు, కుప్పం నుంచి వచ్చిన మనలో చాలామందిమి అరవై దాటాం. మనవళ్ల కబుర్లయ్యాక వచ్చేది కొలెస్ట్రాల్ మాటే. అందుకే స్టాటిన్ మాత్ర గురించి నాలుగు ముక్కలు చెబుతాను.

1973లో జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో ఒక బూజు నుంచి మొదటి స్టాటిన్‌ను కనుగొన్నారు. ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం తిండితో వచ్చేది కాదు, ఒళ్లే తయారుచేసుకునేది. కాలేయంలో ఆ తయారీని ఈ మాత్ర తగ్గిస్తుంది. అప్పుడు కాలేయం తనకు కావలసింది రక్తంలోంచి లాక్కుంటుంది. 1994లో వెలువడిన స్కాండినేవియా అధ్యయనంలో 4,444 మంది గుండె రోగులను ఐదేళ్లకు పైగా గమనించారు. సిమ్వాస్టాటిన్ వాడినవారిలో మరణాలు 30 శాతం తగ్గాయి.

సంగటి మంచిదే, నడక మంచిదే. కానీ రిపోర్టు నార్మల్ వచ్చిందని మాత్ర ఆపేస్తున్నారు. నార్మల్ చేసింది ఆ మాత్రే కదా! ఆపితే కొన్ని వారాల్లోనే అంకె మళ్లీ పైకెక్కుతుంది. ఆరోగ్యవరం పక్కన పెరిగిన మనకు ఇది కొత్త పాఠం కాదు. దగ్గు తగ్గిందని మధ్యలో మందు ఆపితే క్షయ తిరగబెడుతుందని మనకు తెలుసు. క్షయ మందుకైనా గడువుంది, దీనికి సాధారణంగా లేదు.

కండరాలు నొప్పిగా ఉంటే మీ అంతట మీరు ఆపకండి, డాక్టరుకు చెప్పండి. మోతాదు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు. నొప్పులతోపాటు మూత్రం ముదురు రంగులో వస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. పక్కింటివారి చీటీ చూసి మొదలుపెట్టనూ వద్దు.

వజ్రోత్సవంలో మన బ్యాచంతా ఇక్కడే హాజరు పలకాలి. సెలవు.