గ్రంథాలయపు వెబ్‌సైటు – దాని కాపుదల
(రజతోత్సవ సభలోని ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు శత్రువు లెవ్వరని అడిగినచో పూర్వము చెదపురుగు, వానతడి, ఎలుక, పుస్తకము గొనిపోయి తిరిగి యియ్యని పాఠకుడు అని చెప్పెడివారు. ఇందులో మొదటి మూటికి మందు గలదు. నేడు అయిదవ శత్రువు బయలుదేరినాడు. అతడు తలుపు తట్టడు, ఊరిలో అడుగు పెట్టడు. ఏ దేశమున నున్నవాడో కూడ తెలియదు. గ్రంథాలయము తన పుస్తకముల పట్టికను, ఊరి పాత ఛాయాచిత్రములను, పెద్దలచేత చెప్పించి రికార్డు చేసిన మాటలను ఒక కంప్యూటరులో నుంచి, దానిని అంతర్జాలమునకు కలిపి, వెబ్‌సైటును తానే నడుపుకొన్న నాటినుండి ఆ శత్రువుతో పోరు తప్పదు. సొంతముగా నడుపుకొనుట మంచిదే. ఖర్చు తక్కువ, పరాధీనత లేదు. కాని కాపుదల భారము కూడ సొంతమే యగును.

పుస్తకముల పట్టిక పోయినచో అలమరలు చూచి మరల వ్రాసికొనవచ్చును. 1948వ సంవత్సరమునాటి సంగతులను కన్నులార చూచినవారు నల్లగొండ సీమలో నానాటికి తరిగిపోవుచున్నారు. వారి కంఠస్వరము గల ఫైలు పోయినచో మరల చెప్పించుటకు వారుండరు. కాపాడవలసినది ముఖ్యముగా ఇది.

ఇంత చిన్న గ్రంథాలయముపై ఎవరికి కన్ను అని కొందరు నవ్వవచ్చును. పెద్ద గ్రంథాలయమునకు జరిగినది మొదట వినుట మంచిది. 2023 అక్టోబరు 28వ తేదీన లండనులోని బ్రిటిష్ లైబ్రరీ కంప్యూటర్లలో దొంగలు పడినారు. రైసీడా అను ముఠా ఫైళ్లను తస్కరించి, సర్వర్లను పాడుచేసి, 20 బిట్‌కాయిన్లు, అనగా నాటి వెలకు సుమారు 6 లక్షల పౌనులు, ఇమ్మని అడిగినది. లైబ్రరీ ఇయ్యలేదు. ముఠా దాదాపు 600 జీబీల సమాచారమును బయట పెట్టినది. పుస్తకములు బీరువాలలోనే యున్నవి. కాని ఏ పుస్తక మెక్కడ నున్నదో చెప్పెడి పట్టిక పనిచేయదు. 2024 జనవరి 15వ తేదీకి గాని పట్టిక తిరిగి పాఠకుల కంటబడలేదు. అదియు చదువుటకు మాత్రమే.

ఆ సంస్థను ఒక విషయమున మెచ్చుకొనవలెను. తన లోపములను దాచక 2024 మార్చిలో నివేదికగా ప్రకటించినది. బయటివారు దూరమునుండి పనిచేసికొనుటకై 2020లో ఏర్పరచిన యొక సర్వరు ద్వారా దొంగలు చొచ్చియుందురని అందులో చెప్పినారు. అచ్చట పాస్‌వర్డు ఒక్కటి చాలును; రెండవ ఆనవాలు అడుగువారు లేరు. అంతకన్న ఆలోచింపదగినది మరియొకటి గలదు. లైబ్రరీ తన డిజిటల్ సంపదకు ప్రతులు భద్రముగానే యుంచుకొన్నది. కాని వాటిని తిరిగి నిలుపుటకు తగిన యంత్రములు మిగులలేదు. గాదెలో గింజలున్నవి, పొయ్యి కూలినది.

ఈ యాపద లండనుకే చెందినది కాదు. 2019 వేసవిలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్ పాలై, ఆన్‌లైనులో బిల్లు కట్టబోయిన వినియోగదారులు ఇక్కట్లు పడినారు.

ఇక రెండవ తీరు దాడి. ఇందులో దొంగతనము లేదు, అడ్డగింపు మాత్రమే. గ్రంథాలయపు బల్ల యొద్దకు వేయిమంది దొంగ పాఠకులు వచ్చి, లేని పుస్తకములను పదేపదే అడుగుచున్నారనుకొనుడు. నిజమైన పాఠకుడు వాకిట నిలిచిపోవును. గ్రంథపాలకుని తప్పేమియు లేదు, అయినను గ్రంథాలయము మూసినట్లే. 2016 సెప్టెంబరులో అమెరికా పాత్రికేయుడు బ్రయన్ క్రెబ్స్ నడుపు వెబ్‌సైటుపై సెకనుకు సుమారు 620 గిగాబిట్ల వరద వచ్చినది. ఊరిలోని 100 మెగాబిట్ల లైనుకు అది 6200 రెట్లు. ఆ వరద కుపయోగించినవి పెద్ద యంత్రములు కావు. ఇండ్లలోను అంగళ్లలోను బిగించిన కెమెరాలు, రౌటర్లు మొదలైనవి. కంపెనీవారు పెట్టిన పాస్‌వర్డునే యజమానులు మార్చక వదలివేసినారు. మిరాయి అను దుష్ట ప్రోగ్రాము అట్టి పాస్‌వర్డులు అరువదికి పైచిలుకు తెలిసియుండి, తలుపు తెరచుకొన్న ప్రతి యంత్రమును లోబరచుకొన్నది. మోత్కూరు అంగడిలో గోడకు బిగించిన కెమెరా యజమాని కూడ ఈ మాట వినవలెను. తన కెమెరా ఎవరి యింటిపై రాళ్లు రువ్వుచున్నదో అతనికి తెలియదు.

ఇట్టి వరదను గ్రంథాలయములోని కంప్యూటరు ఆపజాలదు. గొలుసుకట్టు చెరువుల సంగతి ఈ సీమవారికి చెప్పనక్కరలేదు. పై చెరువు కట్ట తెగినపుడు క్రింది చెరువు నీరటి రాత్రియెల్ల మేలుకొన్నను ఒంటిగా చేయగలిగిన దేమి? నీటిని పైననే మళ్లించవలెను. క్రెబ్స్ వెబ్‌సైటు తిరిగి లేచినది కూడ గూగుల్ వారి ప్రాజెక్ట్ షీల్డ్ అను రక్షణ వెనుక చేరిన పిమ్మటనే. చిన్న వెబ్‌సైట్లకు క్లౌడ్‌ఫ్లేర్ వంటి సంస్థలు ఇట్టి కాపును ఉచితముగా కూడ ఇచ్చుచున్నవి. అయితే ఒక మెలకువ గలదు. గ్రంథాలయపు కంప్యూటరు అసలు చిరునామా బయటపడినచో దాడిచేయువారు కాపును తప్పించి నేరుగా వచ్చెదరు. కావున కాపు సంస్థ ద్వారా వచ్చినవారిని తప్ప వేరెవ్వరిని లోనికి రానీయకుండ ఫైర్‌వాలును దిద్దవలెను. ఇది చేయక తక్కినవన్నియు చేయుట, ముందు వాకిట మనిషిని నిలిపి దొడ్డితలుపు తెరచియుంచుటయే. పుస్తకముల పట్టికను అడిగినప్పుడెల్ల అప్పటికప్పుడు తయారు చేయించుటకన్న, ముందే సిద్ధపరచిన పుటలుగా నుంచినచో యంత్రమునకు శ్రమ తగ్గును, దొంగకు సందులు తగ్గును. సాఫ్ట్‌వేరు కొత్త సవరణలు వచ్చినప్పుడు వాయిదా వేయరాదు. ప్రవేశమునకు పాస్‌వర్డుతోపాటు రెండవ ఆనవాలు పెట్టవలెను.

ఇవన్నియు చేసినను ఒకనాడు దెబ్బ తగులవచ్చును. 2024 అక్టోబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ అంతటి సంస్థయే వరదదాడికి, దొంగతనమునకు ఒకేసారి లోనై కొన్ని దినములు మూతబడినది. తెలుగు పాఠకుల కా సంస్థతో గల సంబంధము చిన్నది కాదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి మొదలైనవారి కృషితో వెలసిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేలాది పాత తెలుగు పుస్తకము లుండెను. 2017లో కాపీహక్కుల చిక్కులవలన దాని తలుపులు మూసినారు. ఎవడును దాడి చేయలేదు, అయినను సేవ ఆగినది. ఆ పుస్తకములలో పెక్కింటిని స్వచ్ఛందసేవకులు అంతకుముందే ఇంటర్నెట్ ఆర్కైవునకు చేర్చియుండుటవలన నేటికిని చదువుకొనగలుగుచున్నారు. గోడ కాదు, రెండవ ప్రతి కాపాడినది.

కావున గ్రంథాలయమువారు మొదట చేయవలసిన వ్యయము ఫైర్‌వాలుపై కాదు, రెండు హార్డుడిస్కులపై. ప్రతులు మూడు, అందొకటి ఊరు దాటి వేరొకచోట. కంప్యూటరుకు ఎల్లప్పుడు తగిలించియుంచిన డిస్కు ప్రతి క్రింద లెక్క కాదు, ఏలయన దొంగ దానిని కూడ తాళము వేయును. నకలు తీయగానే తీసి బీరువాలో పెట్టవలెను. ఆరు నెలల కొకమారు ఒక పాత కంప్యూటరు తెచ్చి, ఆ ప్రతినుండి వెబ్‌సైటును తిరిగి నిలిపి చూడవలెను. పెద్దల మాటలు వినిపించుచున్నవో లేవో చెవితో విని తెలిసికొనవలెను. బ్రిటిష్ లైబ్రరీ కష్టమునుండి ఊరి గ్రంథాలయము పైసా ఖర్చులేక నేర్వదగినది ఇదియే.

దాడి జరిగినచో దాచుకొనుట కూడదు. 2022 ఏప్రిల్ 28 నాటి ఉత్తరువు ప్రకారము సంస్థలు ఇట్టి సంగతులను 6 గంటలలో సెర్ట్-ఇన్‌కు తెలుపవలెను.

చివరకు, దొంగలతో నిమిత్తము లేని చిక్కు ఒకటి. వెబ్‌సైటు పేరు ఏటేట డబ్బు కట్టి నిలుపుకొనవలసినది. ఆ ఖాతా ఒక కార్యదర్శి సొంత ఫోనుతో ముడిపడియుండును. ఆయన బదిలీపై పోవును, నంబరు మారును, ఓటీపీ ఎవరికో చేరును, గడువు దాటిన పేరును మరియొకడు కొనుక్కొనును. కార్యవర్గము మారినపుడు బీరువా తాళపుచెవులతోపాటు ఈ ఖాతాల వివరములను సీలువేసిన కవరులో నుంచి, చేతులు మారినట్లు మినిట్సు పుస్తకములో వ్రాసి, ఇచ్చినవారు పుచ్చుకొన్నవారు సంతకములు చేయుదురు గాక.