కొత్త కామ్రీ: రూపమెలా ఉంది, మైలేజీ ఎంత?

టయోటా కామ్రీ హైబ్రిడ్ కారు కొత్త రూపంతో 2024 డిసెంబరులో మన దేశంలో అమ్మకానికి వచ్చింది. అప్పటి షోరూం ధర 48 లక్షలు. అందరికీ అందే ధర కాదు. అయినా దాని మీద నడిచే చర్చ ఏ హైబ్రిడ్ కొనాలనుకునేవారికైనా పనికొస్తుంది.

ముందు రూపం సంగతి. సన్నని హెడ్‌లైట్లు, వెడల్పాటి గ్రిల్‌తో ముఖం పదునెక్కింది. పక్కనుంచి చూస్తే మాత్రం తలుపులూ పైకప్పూ పాతవాటినే తలపిస్తాయి. నా మటుకు అది లోపం కాదు. ఇంటిల్లిపాదీ ఎక్కే కారు పదేళ్లయినా చూడబుద్ధి కావాలి.

ఇక మైలేజీ. కొత్త కామ్రీకి కంపెనీ లెక్క లీటరుకు 25.49 కిలోమీటర్లు. హైబ్రిడ్ కారులో బ్రేకు నొక్కినప్పుడు వృథా అయ్యే శక్తిని మోటారు కరెంటుగా మార్చి బ్యాటరీలో దాస్తుంది. బండి మళ్లీ కదిలేటప్పుడు ఆ కరెంటే అక్కరకొస్తుంది. అందుకే బీబీపేట నుంచి కామారెడ్డికి ఊళ్లు దాటుకుంటూ, ఆగుతూ సాగుతూ వెళ్తే హైబ్రిడ్ లాభం బాగా తెలుస్తుంది. అక్కడ 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి హైదరాబాదుకు ఒకే వేగంతో పోతే ఆ లాభం తగ్గుతుంది.

పరీక్షలో వచ్చిన మైలేజీ అంకె రోడ్డు మీద అట్లనే రాదు. ఏసీ, బరువు, టైర్లలో గాలి, అన్నీ దాన్ని మారుస్తాయి. కొనేముందు మీరు రోజూ తిరిగే దారిలోనే నడిపి చూడండి.