ముక్కు గొట్టమా, పొట్ట గొట్టమా? అడిగి తెలుసుకుందాం



యాయీరు కుమార్తెను బ్రతికించిన యేసుప్రభువు, ఆ పిల్లకు తినడానికి ఏదైనా పెట్టమని చెప్పడం మరచిపోలేదు. మార్కు 5వ అధ్యాయంలో ఉంది. పక్షవాతం వల్లో, నోటి క్యాన్సర్ వల్లో మింగలేనివారు మన సంఘాల్లోనూ ఉన్నారు. వారికి ఆహారం ఎలా పెట్టాలన్నదే ఈరోజు మన విషయం.

గొట్టాలు ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది ముక్కులోనుంచి కడుపులోకి వేసే రైల్స్ ట్యూబ్. ఆపరేషన్ అక్కర్లేదు, ఖర్చు తక్కువ. నాలుగు నుంచి ఆరు వారాల లోపు అవసరానికి సరిపోతుంది. పివిసి గొట్టం త్వరగా గట్టిపడుతుంది కాబట్టి తరచూ మార్చాలి. సిలికాన్‌ది మెత్తగా ఉంటుంది, ఎక్కువ రోజులు వస్తుంది. ముక్కు ఒరుసుకుపోవడం, రోగి లాగేసుకోవడం దీనితో వచ్చే కష్టాలు. గొట్టం జరిగిందని అనుమానం వస్తే ఏమీ పోయకండి. ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు.

రెండవది ముక్కులోనుంచే కడుపు దాటి చిన్నప్రేగు వరకు వెళ్లే ఎన్.జె. ట్యూబ్. కడుపులో ఆహారం నిలవనివారికి వేస్తారు. చిన్నప్రేగు ఒకేసారి ఎక్కువ తీసుకోలేదు, గంటల తరబడి కొద్దికొద్దిగా పంపాలి. సన్నగా ఉంటుంది కనుక త్వరగా మూసుకుపోతుంది.

మూడవది పెగ్. అమెరికా వైద్యులు గాడరర్, పాన్‌స్కీ 1980లో ఈ పద్ధతిని ప్రకటించారు. ఎండోస్కోపీ సాయంతో పొట్టమీద చిన్న రంధ్రం చేసి అమరుస్తారు. నెలల తరబడి అవసరమైనవారికి ఇదే మేలు. ముఖం మీద ఏమీ ఉండదు, నలుగురిలోకి రావచ్చు. చీము పట్టకుండా చూసుకోవాలి. ఊడిపోతే రంధ్రం కొన్ని గంటల్లోనే పూడుకుపోవచ్చు. ఇంట్లో దోపకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఏ గొట్టమైనా ఆహారం ఇచ్చేటప్పుడు తలవైపు ఎత్తుగా, 30 నుంచి 45 డిగ్రీలు ఉంచాలి. ముందూ వెనకా నీళ్లు పోయాలి. జావను వడకట్టాలి. వట్టి గంజితో ఒంటికి బలం రాదు, డైటీషియన్‌ను అడగండి.

ముదిరిన మతిమరుపు జబ్బులో మాత్రం గొట్టం ఆయుష్షు పెంచుతుందని రుజువు లేదు. చేత్తో ఓపికగా తినిపించడమే మంచిదని వైద్యులు చెబుతారు. అప్పుడు గొట్టం వద్దన్నవారిని ఆకలితో మాడ్చారని ఎవరూ నిందించకూడదు.

ఇక న్యాయం సంగతి. మన పెద్దలు పని కోసం తెలుగు నేల దాటి వచ్చారు. ఆసుపత్రి కాగితాలు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో, ఇంగ్లీషులోనో ఉంటాయి. రోజూ గొట్టంలో జావ పోసే తల్లికి అవి చదవరాకపోవచ్చు. అయినా వేలిముద్ర ఆమెదే. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం ప్రకారం, తెలిసిన భాషలో వివరం పొందడం రోగి హక్కు. అది దయ కాదు.

కాబట్టి సంతకానికి ముందు అడగండి: ఎన్ని వారాలు కావాలి? ఈ రకమే ఎందుకు? మార్చడానికి ఎంత అవుతుంది? రాత్రిపూట ఊడితే ఎక్కడికి రావాలి? ఈ ప్రశ్నలు అడగలేనివారికి తోడుగా, స్థానిక భాష వచ్చిన మన యువతీ యువకులు ఆసుపత్రికి వెళ్లాలి. అదీ పరిచర్యే.