వడ్డించిన చేయి: డొక్కా సీతమ్మగారు

(ఆలయ జీర్ణోద్ధరణ, కుంభాభిషేక మహోత్సవాల సందర్భంగా కాచిగూడలో, నూతన అన్నదాన మంటపంలో చేసిన ప్రసంగ పాఠం)



గోపుర కలశాలకు అభిషేకం జరిగింది. రేపటి నుండి ఈ మంటపంలో నిత్యాన్నదానం ఆరంభమవుతుంది. అన్నదాన మహిమను గురించి నాలుగు మాటలు చెప్పమని పెద్దలు ఆజ్ఞాపించారు. శాస్త్ర ప్రమాణాలు చెప్పగల పండితులు ఈ సభలో ఎందరో ఉన్నారు. నేను ఒక పల్లెటూరి ఇల్లాలి కథ చెప్పి విరమిస్తాను.

మా నాయనమ్మది కోనసీమ. విస్తట్లో మెతుకు మిగిలితే "సీతమ్మగారు చూస్తారు" అని మమ్మల్ని భయపెట్టేది. ఆవిడ ఎవరో మాకు దగ్గరి చుట్టమని చాలాకాలం అనుకున్నాను. పెద్దయ్యాక తెలిసింది, ఆవిడ ఆకలిగొన్న ప్రతివారికీ చుట్టమేనని.

డొక్కా సీతమ్మగారు 1841 అక్టోబరులో మండపేటలో జన్మించారు. తండ్రి అనుపిండి భవానీశంకరంగారు, తల్లి నరసమ్మగారు. అడిగినవారికి అన్నం పెట్టే గుణం వల్ల ఆయనను ఊరివారు 'బువ్వన్న' అని పిలిచేవారట. పసితనంలోనే తల్లి గతించగా ఇంటి బరువు ఆ పిల్ల భుజాన పడింది. లంకల గన్నవరం వాస్తవ్యులు, సంపన్న గృహస్థులు, వేదపండితులు అయిన డొక్కా జోగన్నగారు ఒకనాడు ప్రయాణంలో అలసి ఆ ఇంట భోజనానికి ఆగారని, అక్కడి ఆదరణ చూసి ఆమెను వివాహమాడారని చెబుతారు.

ఆనాటి కోనసీమను ఒక్కసారి తలచుకోండి. అది గోదావరి పాయల నడుమ లంకల సీమ. నేటి వంతెనలు లేవు. పడవ దాటి, గట్ల వెంట నడిచి, బాటసారి ఊరు చేరేసరికి మిట్టమధ్యాహ్నమో, అర్ధరాత్రో అయ్యేది. డబ్బున్నా అన్నం దొరకని కాలం అది. అలాంటి చోట ఆ దంపతుల ఇంటి పొయ్యి ఆరేది కాదు. వచ్చినవారి కులం అడగలేదు. వచ్చిన వేళ అడగలేదు. ఆస్తి తరుగుతున్నా వడ్డన ఆపలేదు.

ఒకనాడు ఆమె అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకిలో బయలుదేరారట. దారిలో ఒక పెళ్ళివారి బృందం ఎదురైంది. ఆకలితో ఏడుస్తున్న పిల్లలను పెద్దవాళ్ళు, గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడతారని సముదాయిస్తున్నారు. ఆ మాట చెవిన పడగానే ఆమె పల్లకిని వెనుకకు తిప్పించారు. వారికంటె ముందుగా ఇల్లు చేరి వంట చేయించారు. స్వామి దర్శనం ఆగిపోయింది. లేదు, ఆ పిల్లల విస్తళ్ళ ముందే దర్శనమైందని నా విశ్వాసం.

ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకోత్సవాలకు ఆమెకు ఆహ్వానం వచ్చింది. ఆమె వెళ్ళలేదు. ఛాయాచిత్రమైనా పంపమన్నారు. ఖ్యాతి కోసం చేస్తున్న పని కాదని మొదట దానికీ ఒప్పుకోలేదు. చిత్రం పంపకపోతే తన ఉద్యోగం పోతుందని అధికారి వేడుకోగా అంగీకరించారని చెబుతారు. అంటే తన కీర్తికి కాదు, మరొకరి కూటికి భంగం కలుగకూడదని ఒప్పుకున్నారన్నమాట.

1909 ఏప్రిల్ 28న ఆ తల్లి కన్నుమూశారు. దేశంలో సగటు ఆయుర్దాయం పాతికేళ్ళైనా లేని రోజుల్లో అరవైయేడేళ్ళు దాటి జీవించారు. 2000 సంవత్సరంలో గన్నవరం వద్ద వైనతేయ పాయపై నిర్మించిన కొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. పాయ దాటించి పొలాలకు నీరందించే కట్టడానికి అంతకన్న తగిన పేరు లేదు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరే ఉంచింది. డొక్క నింపిన తల్లికి ఇంటిపేరు అలా సార్థకమైంది.

ఇక మన విషయం. ఈ మంటపంలో దర్శనం చేసుకున్న భక్తులకు మాత్రమే టోకెన్లు ఇవ్వాలని కొందరు, వీధిన పోయేవారికీ పెట్టాలని కొందరు వాదించినట్లు విన్నాను. ఖర్చుకు భయపడినవారిని తప్పు పట్టను. బియ్యం ధర వారికే తెలుసు. కాని మనకు కూతవేటు దూరంలో 1916 నుండి కాచిగూడ స్టేషను ఉంది. పాలమూరు వైపు నుండి పనికోసం వచ్చి రైలు దిగేవారు మన గోత్రనామాలు చెప్పి అర్చన చేయించుకోరు. ఆకలితో వస్తారు, అంతే. సీతమ్మగారితో సరితూగే శక్తి మనకు లేదు. రెండు పనులు మాత్రం చేయగలం. ఆలస్యంగా వచ్చేవారికని ఒక గిన్నెడు అన్నం రోజూ పక్కన ఉంచుదాం. దాతల ఫొటోలు ఈ సంచికలో ఎన్నైనా వేసుకుందాం, తినేవారి ఫొటో మాత్రం తీయవద్దు.

మా నాయనమ్మను చివరికి కాచిగూడకు తెచ్చుకున్నాం. తొంభై దాటింది. నన్నూ గుర్తుపట్టేది కాదు. కాని గుమ్మంలో ఎవరి నీడ కదిలినా, "భోజనం చేశావా నాయనా?" అని అడిగేది. పేర్లన్నీ మరచిపోయింది, ఆ ప్రశ్న మాత్రం మరువలేదు. ఆ ప్రశ్న అడగడానికి ఎదుటివారి పేరు తెలియనక్కరలేదని నాకు ఆనాడే అర్థమైంది. ఈ మంటపం ద్వారం వద్ద కూడా మొదట వినిపించవలసిన మాట అదేనని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.

స్వస్తి.