మందుకు చోటు చూసేవాళ్లు

మన కొడవలూరు చుట్టుపక్కల బైపీసీ పిల్లల్ని ఏమవుతావని అడిగితే చాలామంది డాక్టరనే అంటారు. మందు రాసే డాక్టరు మనకు తెలుసు. ఆ మందు ఒంట్లో ఏ అణువును ఎలా పట్టుకుంటుందో చూసే నిర్మాణ జీవశాస్త్రవేత్తే తెలియదు.

ఉదాహరణకు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో మెథోట్రెక్సేట్ తయారుచేసింది. కేన్సర్‌కు వాడే ఆ మందును కీళ్లవాతానికి ఇప్పటికీ వారానికోసారి ఇస్తున్నారు. ఆయన 1948లో పోయారు. ఆ మందు ఒంట్లోని ఎంజైములో ఎక్కడ కూర్చుంటుందో ఎక్స్-కిరణాలతో తేలింది 1977లో, కాలిఫోర్నియాలో. తమాషా ఏమిటంటే, చూడ్డానికి ఫోలిక్ యాసిడ్‌లాగే ఉన్నా, ఎంజైము గుంటలో దీని వలయం తిరగబడి కూర్చుంటుంది. కాగితం మీద బొమ్మ గీసి ఊహిస్తే పొరబడేవాళ్లం.

ఈ పని మాత్రం ఓపిక మీద నడుస్తుంది. ఎక్స్-కిరణాలతో చూడాలంటే ముందు ప్రొటీన్ స్ఫటికం కావాలి. శుద్ధిచేసిన ప్రొటీన్ చుక్కను, ఆవగింజంత, గాజుబిళ్ల మీద పెట్టి బోర్లిస్తారు. అలాంటివి వందలు పెడితే ఏ ఒక్కదాంట్లోనో స్ఫటికం వస్తుంది, ఒక్కోసారి అదీ ఉప్పే! వస్తే సన్నటి ఉచ్చుతో ఎత్తి, ద్రవ నైట్రోజన్‌లో ముంచి, ఇండోర్‌లోని ఇండస్-2 లాంటి, బలమైన ఎక్స్-కిరణాలిచ్చే సింక్రోట్రాన్‌కు పట్టుకెళ్తారు. క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకైతే స్ఫటికంతో పనిలేదు గానీ, ఆ యంత్రం బాగా ఖరీదు.

ఈ దారిలోకి రావాలంటే ఎమ్మెస్సీ, నెట్, తర్వాత అయిదారేళ్ల పీహెచ్‌డీ. కెమిస్ట్రీ, ఫిజిక్స్ చదివినవాళ్లూ రావచ్చు. లెక్కలంటే పారిపోయేవాళ్లకు కష్టం. హైదరాబాద్ సీసీఎంబీలో నిర్మాణ జీవశాస్త్రంలోనే పనిచేసే రాజన్ శంకరనారాయణన్‌కు 2020లో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది.